బలం తక్కువ వింటికి బరువు బాణం

చిరంజీవి అమ్ములుకు, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, నువ్వు ఫోన్లో అడిగిన ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం. నీ స్నేహితురాలి అమ్మానాన్నలు విల్లంబులతో జింకల వేటకి వెళ్తారు కదా. వాళ్లమ్మ విల్లు 42 పౌన్లు, వాళ్ల నాన్నది 65 పౌన్లు. బాణాలు తూకం వేస్తే మాత్రం అమ్మదే బరువుగా తేలింది. "బలం తక్కువ వింటికి తేలిక బాణం కదా ఉండాలి తాతయ్యా, పొరపాటున మార్చుకున్నారా?" అన్నావు. మార్చుకోలేదమ్మా. ఆవిడ తెలిసే చేసింది.

బుజ్జిగాడి కోసం ఒక మాట. పౌన్లంటే విల్లు తూగే బరువు కాదురా, తాడు లాగేటప్పుడు చేతిమీద పడే బరువు. 42 పౌన్లంటే దాదాపు 19 కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాకి కాస్త తక్కువ. అంత బరువు లాగి, జింక పక్కకి తిరిగేదాకా చేయి వణక్కుండా నిలబడాలి.

ఇక నా గునపం కథ వినండి. మీ నాన్న వాళ్ల ఊళ్లో గడ్డపార అంటారు చూడండి, అదే. నా చిన్నప్పుడు నిమ్మతోటకి కంచె వేయాలంటే రాతి స్తంభాలు పాతాలి, దానికి గుంటలు తీయాలి. మాది ఎర్రనేల. వేసవిలో అది మట్టో రాయో చెప్పడం కష్టం. ఇంట్లో రెండు గునపాలుండేవి. మా తాత నాటిది ఒకటి, లావుగా, బరువుగా. సంతలో కొన్నది ఇంకొకటి, సన్నగా, తేలిగ్గా. మా బాబాయి కండలు తిరిగిన మనిషి. ఆయన తేలికది తీసుకుని బరువుది నా చేతిలో పెట్టాడు. ఇదెక్కడి న్యాయం అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. "నువ్వు పొడవకు, ఎత్తి వదులు. మిగతాది అదే చూసుకుంటుంది" అన్నాడు. నిజంగానే దిగబడింది. తేలిక గునపంతో లోతు దించాలంటే దాన్ని ఒడుపుగా, వేగంగా విసరగల చేయి కావాలి. ఆ చేయి బాబాయికుంది, నాకు లేదు. నేను దాంతో పొడిస్తే ఖణేల్మని మోగి, భుజందాకా జివ్వుమనేది తప్ప నేల చెక్కు చెదిరేది కాదు.

విల్లూ అంతే. 65 పౌన్ల విల్లు తేలిక బాణాన్ని మహా వేగంగా విసరగలదు. 42 పౌన్లది అంత వేగం ఇవ్వలేదు. అలాంటప్పుడు వేగం కోసం పాకులాడకుండా, నెమ్మదిగా వెళ్లినా ఎక్కడా ఆగని బాణం ఎంచుకోవాలి. పైగా బాణం మరీ తేలికైతే విల్లు బలమంతా దానికి ఎక్కదు. మిగిలింది వింటి కొమ్మల్లో, తాడులో వణుకై, చప్పుడై పోతుంది. నా చేతిలో గునపం మోగినట్టే. ఆ చప్పుడుకి జింక ఉలిక్కిపడుతుంది కూడా.

బాణాల తూకానికి గ్రెయిన్లు వాడతారు. 7,000 గ్రెయిన్లు ఒక పౌను. నువ్వు ఫోటో పెట్టిన తూకంలో వాళ్ల నాన్న బాణం 400, వాళ్లమ్మది 450. అంటే అమ్మ బాణం 29 గ్రాములు, నాన్నదాని కంటే మూడు గ్రాములు ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. ఆ కాస్త కూడా ఎక్కడ పెట్టారన్నదే అసలు సంగతి. ఆవిడ ఎక్కువ భాగం మొనలోనే పెట్టింది. గునపానికి బరువంతా పిడి దగ్గరుంటే ఏం లాభం?

ఇప్పుడు ములికి, అంటే బాణం మొనకి బిగించే పదును ముక్క సంగతి. మీ అమ్మమ్మ ఈ పేరా చదవకుండా చూడండి. పోయినేడు నేను అక్కడికొచ్చినప్పుడు వాళ్ల గ్యారేజీలో రెండు రకాల వేట ములుకులు చూశాను, వాటినే బ్రాడ్‌హెడ్లంటారు. నాన్నదానికి రెక్కలు మడిచి ఉంటాయి, తగలగానే విచ్చుకుంటాయి. గాటు వెడల్పుగా పడుతుంది, కానీ ఆ విచ్చుకోవడానికే బాణం బలంలో కొంత ఖర్చవుతుంది. 65 పౌన్ల విల్లు ఆ ఖర్చు భరిస్తుంది. అమ్మది కదిలే భాగాలు లేని ఒకే ఉక్కు ముక్క. రెండే అంచులు, కొన దగ్గర్నుంచే పదును, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. పార వెడల్పు, గునపం సన్నం. గట్టినేలలో ఏది దిగుతుందో మీకు చెప్పాలా? అలాగని మరీ సన్నంగా చేసుకుంటామంటే అమెరికాలో మీరుండే మిన్నెసోటా రాష్ట్రం చట్టం ఒప్పుకోదు. జింకకి వాడే ములికి కనీసం 7/8 అంగుళం వెడల్పుండాలి, కనీసం రెండు లోహపు అంచులుండాలి, వెనక్కి తిరిగిన ముళ్లుండకూడదు.

నన్నడిగితే బరువు కన్నా ముందు పదును. మా గునపం మొన మొద్దుబారితే ఎండలు ముదరకముందే కమ్మరి కొలిమికి మోసుకెళ్లి సాగగొట్టించుకొచ్చేవాళ్లం. ఆ తర్వాతే గుంటల పని. బాణానికి ఇది ఇంకా ముఖ్యం. తుపాకీ గుండులా అది దెబ్బతో పడగొట్టదు, కోసి రక్తం పోయేలా చేస్తుంది. పదునైన అంచు రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోతే జింక కొద్ది క్షణాల్లో పడిపోతుంది. మొద్దు అంచు చీల్చిన గాయం త్వరగా గడ్డకడుతుంది. అప్పుడా జింక ఎక్కడో పొదల్లో పడి రోజుల తరబడి బాధపడాలి. ఆవిడ లాగి పట్టిన రబ్బరుబ్యాండుకి అంచు ఊరికే ఆనిస్తే అది తెగిపోవడం నా కళ్లతో చూశాను. తెగకపోతే ఆ ములికి వేటకి పనికిరాదని పక్కన పెట్టేస్తుందట. వేట నాకు గిట్టదు, మీకు తెలుసు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడటం నేరం కూడా. అక్కడ అనుమతి ఉంది, వాళ్లు ఆ మాంసం తింటారు. చేసేదేదో జీవికి బాధ తక్కువయ్యేలా చేస్తున్నారు. ఆ శ్రద్ధకి మాత్రం నేను దణ్ణం పెడతాను.

మీరు స్కూల్లో ఇషి పేరు వినే ఉంటారు. కాలిఫోర్నియా యాహీ తెగలో చివరివాడు. 1911లో ఓరోవిల్ ఊరి దగ్గర బయటి ప్రపంచానికి కనిపించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు ఆయన దగ్గరే విలువిద్య నేర్చుకున్నాడు. నల్లటి అగ్నిపర్వతపు గాజురాయిని కొద్దికొద్దిగా చెక్కి ములికి చేసేవాడు ఇషి. ఆయన విల్లు కూడా పెద్ద బరువుదేం కాదు. జింకకి చాలా దగ్గరకి వెళ్లి కొట్టేవాడు. నీ స్నేహితురాలి వాళ్లమ్మ కూడా 20 గజాలు దాటితే కొట్టదట. బరువు బాణం నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి దారిలో ఎక్కువ కిందికి దిగుతుంది, దూరం పెరిగేకొద్దీ గురి తప్పుతుంది.

గునపం ఏటవాలుగా పడితే లోతుకి దిగదు, బాణం కూడా ఊగుతూ తగిలితే అంతే. తిన్నగా వెళ్లాలంటే బాణం బిగువు వింటికి సరిపోవాలి. దాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద బాణం పెట్టి, మధ్యలో 880 గ్రాములు వేలాడదీసి, ఎంత వంగిందో కొలుస్తారు. అర అంగుళం వంగితే 500 అని రాస్తారు. అంకె పెద్దదైతే బాణం మెత్తన. బలం తక్కువ వింటికి 500, 600 లాంటివి వాడతారు, బలమైన వింటికి 340 లాంటివి. మొన బరువు పెంచితే అదే బాణం ఇంకా మెత్తగా ప్రవర్తిస్తుంది. అందుకే మొన మార్చినప్పుడల్లా మళ్లీ సరిచూసుకోవాలి.

ఇక్కడ మాత్రం నా గునపం ఎందుకూ పనికిరాదు. అది వంగదు కదా! బాణం వదలగానే వంగుతుంది, తేరుకుంటుంది, అటువైపు వంగుతుంది, అలా ఊగుతూ, ఆ ఊపు తగ్గించుకుంటూ వెళ్లి గురికి తగులుతుంది. ఎందుకలా అని అడక్కండి. స్లో మోషన్ వీడియో పెట్టుకుని చూడండి. నేను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూసినా నమ్మబుద్ధి కాలేదు.

అమ్ములూ, ఈ శనివారం వాళ్లింటికి వెళ్లు. బ్రాడ్‌హెడ్ జోలికి పోవద్దు, తీసేసి అదే బరువున్న ప్రాక్టీసు మొన బిగించి ఇమ్మని ఆంటీని అడుగు. బాణాన్ని చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి, ఎక్కడ తూగుతుందో పెన్సిలుతో గీత పెట్టు. నాన్న బాణానికీ అలాగే పెట్టు. రెండూ పక్కపక్కన పెట్టి ఏ గీత మొనకి దగ్గరగా ఉందో నాకు రాయి. వాళ్లు చట్రానికి కాగితం బిగించి దాంట్లోంచి బాణం కొట్టి పరీక్షిస్తారు కదా, ఆ కాగితం ఒకటి అడిగి తెచ్చుకో. గుండ్రటి చిల్లు చుట్టూ ఈకల గాట్లు మాత్రమే ఉంటే బాణం తిన్నగా వెళ్లినట్టు. పక్కకి చిరిగి ఉంటే ఎటు చిరిగిందో చూసి ఉంచు.

బుజ్జీ, నీ 18 పౌన్ల విల్లుతో వేటకి తీసుకెళ్లమని గొడవ చేస్తున్నావట. మీ రాష్ట్రంలో జింకల వేటకి కనీసం 30 పౌన్లుండాలి. అప్పటిదాకా గడ్డిమోపు మీద కొట్టుకో, వెనకాల ఎవరూ లేకుండా చూసుకుని.

మీ తాతయ్య