రోడ్డు సూచిక బోర్డులు, తుపాను గాలి: అపోహలు – వాస్తవాలు

అక్టోబరు దగ్గరపడే సరికి శ్రీకాకుళం తీర మండలాల నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే ప్రశ్న ఉంటుంది: "బోర్డు కింద సిమెంటు దిమ్మ పెద్దదే వేయించామండీ, ఇంక తుపానుకు పడదు కదా?" సూచిక బోర్డుల స్తంభాలకు, పునాదులకు డిజైను చేయడం నా వృత్తి. మన ప్రాంతంలో బోర్డులను ఎక్కువగా పడగొడుతున్నది ఈ ప్రశ్న వెనుక ఉన్న నమ్మకమే కాబట్టి ముందుగా దాని సంగతే చెబుతాను.

అపోహ: దిమ్మ బరువుగా ఉంటే బోర్డు నిలుస్తుంది.

వాస్తవం: నిలబెట్టేది లోతు, దిమ్మను పట్టి ఉంచే గట్టి మట్టి. కట్టడాలపై గాలి భారానికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరంలో డిజైనుకు తీసుకోవలసిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న బోర్డుకు ఆకృతి గుణకం (ఆకారాన్ని బట్టి ఒత్తిడిని గుణించే సంఖ్య) 1.2 వేసి, మిగతా గుణకాలను ఒకటిగా తీసుకుంటే గాలి తోపు సుమారు 200 కిలోలు వస్తుంది. బోర్డు కింది అంచు నేలకు ఏడడుగుల ఎత్తున ఉంటే ఆ తోపు నేల మట్టం వద్ద 520 కేజీ-మీటర్ల మూమెంటు, అంటే తిప్పి పడగొట్టే ప్రభావం, అవుతుంది. అన్ని వైపులా రెండడుగులున్న కాంక్రీటు దిమ్మ సుమారు 540 కిలోలు తూగుతుంది గాని, కేవలం ఆ బరువుతో తిరగబడకుండా ఆపగలిగేది 165 కేజీ-మీటర్లు మాత్రమే, అంటే కావలసిన దానిలో మూడో వంతు కూడా కాదు.

మిగిలినదంతా పక్కల మట్టి ఆపాలి. ఇసుక నేలలో లోతుకు పోయే కొద్దీ మట్టి నిరోధం, అది పనిచేసే వైశాల్యం, మీట పొడవు మూడూ కలిసి పెరుగుతాయి కాబట్టి లోతు రెట్టింపైతే పట్టు అనేక రెట్లవుతుంది. ఆ దిమ్మకు పట్టే ఎనిమిది ఘనపుటడుగుల కాంక్రీటునే అడుగున్నర వ్యాసంతో నాలుగున్నర అడుగుల లోతు తవ్విన గుంతలో, కదలని మట్టికి ఆనేలా పోస్తే సిమెంటు ఖర్చు పెరగకుండానే పునాది ఎంతో బలపడుతుంది. తుది కొలత మాత్రం ఆ చోటి మట్టిని పరీక్షించాకే నిర్ణయించాలి.

2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత నేను వజ్రపుకొత్తూరు వైపు వెళ్లి పడిన బోర్డులను చూశాను. ఒకచోట పైపు ఎక్కడా వంగలేదు, వెల్డింగు చెక్కుచెదరలేదు, కాని దిమ్మతో సహా స్తంభం ఒరిగిపోయింది. గాలి వచ్చిన వైపు దిమ్మకూ మట్టికీ మధ్య చెయ్యి దూరేంత సందు ఏర్పడి, దాని అడుగున నీళ్లు నిలిచాయి. పక్కన తవ్వి చూస్తే జేసీబీతో వెడల్పుగా తీసిన గుంతను ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు కలిసిన వదులు మట్టితో, ఒక్క దిమ్మిస దెబ్బ కూడా వేయకుండా పూడ్చారని తెలిసింది. ఆ పని చూసే సూపర్‌వైజరు మాత్రం "పైపు సన్నదైంది సార్, లావుది వేస్తాం" అన్నాడు. వంగని పైపును మార్చి, ఒరిగిన పునాదిని అలాగే వదిలేసే ఈ ఆలోచనను నేను ఎన్నటికీ ఒప్పుకోలేను.

పెనుగాలి, కుంభవృష్టి మనకు కలిసే వస్తాయి. నీటిలో మునిగిన ఇసుక ప్రభావక బరువు (నీరు పైకి తేల్చే బలం పోగా మిగిలేది) దాదాపు సగానికి పడిపోతుంది, దాంతోపాటే దాని పట్టూ తగ్గుతుంది. కాబట్టి ఉద్దానం ఇసుకలో గాని, నాగావళి, వంశధార ఒడ్డు పల్లపు నేలల్లో గాని వేసవిలో గట్టిగా కనిపించిన మట్టిని నమ్మి లెక్క వేయకూడదు.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. ఫ్లెక్సీ గుడ్డ కదా, స్తంభానికి కడితే ఏమవుతుందని అడుగుతారు, కాని గాలికి కావలసింది వైశాల్యమే తప్ప బరువు కాదు. బోర్డుకు నాలుగు చిల్లులు పెడితే తోపు చెప్పుకోదగ్గంత తగ్గదు, పైగా రాత్రిపూట మెరిసే షీటు పాడవుతుంది. స్తంభం ఎంత లావైతే అంత మంచిదనీ కాదు, ఎందుకంటే అదుపు తప్పిన బండి దాన్ని గుద్దితే ప్రాణాలు పోతాయి. నేలపైకి పొడుచుకొచ్చిన దిమ్మ కూడా బైకు నడిపేవారికి అంతే ప్రమాదకరం.

బోర్డు పక్కనే టీకొట్టు పెట్టుకుని, గాలి వీచినప్పుడల్లా పైకి చూస్తూ కూర్చునేవారి భయం నాకు అర్థమవుతుంది. స్తంభం కాస్త ఊగినంత మాత్రాన పడిపోదు, ఎందుకంటే ఉక్కు వంగి తిరిగి యథాస్థానానికి వస్తుంది. మీరు చూడవలసింది నేల మట్టం దగ్గర: దిమ్మ చుట్టూ కొత్తగా సందు పడిందా, స్తంభం మొదట్లో తుప్పు పొరలుగా ఊడుతోందా, బోల్టులు ఏమైనా లేవా అన్నది గమనించండి. వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా ఉప్పుగాలి తగిలే చోట, తుపాను హెచ్చరిక వచ్చేదాకా ఆగకండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి, రాష్ట్ర రహదారి అయితే రోడ్లు, భవనాల శాఖ ఇంజినీరుకు ఫొటోతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి.