కళ్లముందే ఉంటుంది, వెతికితే దొరకదు: తెలుగు వెబ్‌లో పాతికేళ్ల చిక్కు

తెలుగులో ఉన్న ప్రభుత్వ ఉత్తర్వు పీడీఎఫ్ ఒకటి తెరిచి, అందులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. చాలాసార్లు అక్షరాలు సెలెక్ట్ కానే కావు, ఎందుకంటే అది స్కాన్ చేసిన బొమ్మ. ఒకవేళ అయినా, అతికించిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త పడుతుంది. చూపున్నవాళ్లకు ఇదొక చిన్న చికాకు. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద ఆధారపడే మనిషికి మాత్రం ఆ పేజీలో ఏమీ లేనట్టే. గూగుల్‌కీ అంతే. అంధులకు అందకపోవడం, వెతికితే దొరకకపోవడం వేర్వేరు సమస్యలని చాలామంది అనుకుంటారు. తెలుగు విషయంలో రెండింటికీ మూలం ఒక్కటే. అది 1990ల నుంచి వస్తోంది.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది. తెలుగు అక్షరానికంటూ సొంత సంఖ్య లేకపోవడం వల్ల ఇదంతా జరగలేదు. భారతీయ లిపుల కోసం తయారైన ఇస్కీ ప్రమాణాన్ని 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడిగా సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. అదే ఏడాది వెలువడిన దాని తొలి వెర్షన్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. కానీ ఆ సంఖ్యలను అందుకుని గుణింతాలనూ ఒత్తులనూ సరిగ్గా పేర్చి చూపించే సాఫ్ట్‌వేర్ మామూలు ఇళ్లకు చేరడానికి మరో పదేళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చింది. అందులో కూడా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, ఆ పైన సీడీ పెట్టి, ఇలాంటి లిపులకు కావలసిన ఫైళ్లను విడిగా ఎక్కించుకుంటే తప్ప ఒత్తులు వాటి చోట కుదురుకునేవి కావు.

పత్రికలు అంతకాలం ఆగలేవు. కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే డీటీపీ సెంటర్లలో అప్పటికే ఒక ఉపాయం నడుస్తోంది. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న సంఖ్యల మీదే తలకట్లు, కొమ్ములు, ఒత్తులు గీసి ఫాంట్ తయారు చేస్తారు. కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లిషే, కంటికి మాత్రం తెలుగు. అను, శ్రీలిపి వంటివన్నీ ఈ పద్ధతిలో పుట్టినవే. ఒక్కోదాని అమరిక ఒక్కో రకం. పత్రికలు ఇదే ఉపాయాన్ని వెబ్‌లోకి తెచ్చాయి. పేజీ తెరిచినప్పుడు ఫాంట్ దానంతట అదే దిగేలా అప్పటి బ్రౌజర్లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఒక ఫైలు, నెట్‌స్కేప్‌కి వేరే ఫైలు పెట్టాయి. అప్పట్లో అది తక్కువ పనేమీ కాదు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఊరి వార్తను అదే రోజు చదవగలిగారంటే ఆ ఫాంట్ల వల్లే.

దాని ఖరీదు తర్వాత తెలిసొచ్చింది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పేజీ నిండా గజిబిజి గుర్తులే. సెర్చ్ ఇంజన్ ఆ గుర్తులనే దాచుకునేది. కాబట్టి ‘పోలవరం’ అని వెతికేవారికి పోలవరం గురించి రాసిన వార్త దొరికేది కాదు. ఒక పత్రిక నుంచి ఇంకో పత్రికకు పోతే అదే మాట వేరే గుర్తులుగా ఉండేది. స్క్రీన్ రీడర్ ఆ గుర్తులను ఒక్కొక్కటిగా పైకి చదివేది. ఏళ్ల తరబడి రాసిన వార్తలు, సంపాదకీయాలు, సాహిత్య పేజీలు అందరి కళ్లముందే ఉండి కూడా ఎవరికీ దొరకని స్థితిలో పడ్డాయి. వాటిలో చాలావాటికి ఇప్పటికీ మోక్షం లేదు.

అందరికీ అందే వెబ్ ఎలా ఉండాలో ప్రపంచానికి అప్పటికే తెలుసు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1999 మేలో తొలి మార్గదర్శకాలు విడుదల చేసింది. బొమ్మకు మాటల్లో వివరణ ఉండాలన్నది వాటిలో మొదటి సూత్రం. అదే ఏడాది ఆస్ట్రేలియాలో బ్రూస్ మగ్వైర్ అనే అంధుడు సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్ మీద ఫిర్యాదు చేశారు. బొమ్మలకు వివరణ, క్రీడల జాబితాకు దారి, ఫలితాల పట్టికలు చదవగలిగే వీలు కావాలని అడిగారు. దానికి ఒక మనిషి రోజుకు 8 గంటల చొప్పున 368 రోజులు పనిచేయాల్సి వస్తుందని నిర్వాహకులు వాదించారు. అక్కడి మానవ హక్కుల కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు. 2000 ఆగస్టులో సైట్‌ను సరిచేయమని ఆదేశించింది. పూర్తిగా సరిచేయనందుకు 20,000 డాలర్ల పరిహారం కట్టించింది. ‘చాలా పని అవుతుంది’ అనే జవాబు ఇప్పటికీ మన ఆఫీసుల్లో వినిపిస్తూనే ఉంది కాబట్టి ఈ కేసు గుర్తుంచుకోవాలి.

తెలుగులో ఈ చిక్కును విప్పడానికి ముందుకొచ్చింది ప్రభుత్వమూ కాదు, పత్రికలూ కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు కోడ్ రాసిన కొందరు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. 2006లో వీవెన్ లేఖిని తెచ్చారు. ఇంగ్లిష్ కీబోర్డు మీద ‘amma’ అని కొడితే తెలుగులో పడే ఆ పేజీతో వందలమంది బ్లాగుల్లోకి వచ్చారు.

వీటిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది నాగార్జున గారిదే అయిన ‘పద్మ’. ఇది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్టు. ఈనాడు, వార్త వంటి పత్రికల సొంత ఫాంట్లను గుర్తుపట్టి, పేజీ మొత్తాన్ని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. ఏ గుర్తు ఏ అక్షరం ముక్కో ఫాంట్ ఫాంట్‌కీ కూర్చుని పట్టిక రాస్తే తప్ప అది కుదరదు. ప్రచురణకర్త చేయాల్సిన పనిని పాఠకుల పక్షాన ఒకరు చేసిపెట్టారు. కానీ ఆ మార్పు చదివేవారి బ్రౌజర్‌లోనే జరిగేది. సర్వర్‌లో ఉన్న అసలు పేజీ మారేది కాదు కాబట్టి సెర్చ్ ఇంజన్లకు అది అందలేదు. ఆ తర్వాతి ఏళ్లలో పత్రికలు ఒక్కొక్కటిగా యూనికోడ్‌కు మారాయి. వెతికితే దొరకాలి, దొరికితేనే ప్రకటనల ఆదాయం అన్న లెక్కే వాటిని ఎక్కువగా కదిలించిందని నా అభిప్రాయం. కారణం ఏదైనా, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకూ మేలు జరిగింది.

అంతటితో పని పూర్తి కాలేదు. యూనికోడ్‌లో అందమైన తెలుగు ఫాంట్లు లేక చాలా సైట్లు శీర్షికలను బొమ్మలుగా పెట్టేవి. సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందించిన మండలి, మల్లన్న, రామరాజ, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్లలో చేరాక ఆ సాకు కూడా పోయింది. ఇప్పటికీ మిగిలిన ఒక లోపం గురించి సైట్లు తయారుచేసేవాళ్లలోనే చాలామందికి తెలియదు. ప్రతి పేజీ తన భాష ఏదో కోడ్‌లో చెప్పుకోవాలి. సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లలో సెట్టింగ్ మార్చకపోతే తెలుగు పేజీ కూడా ‘నేను అమెరికన్ ఇంగ్లిష్’ అనే చెబుతుంది. స్క్రీన్ రీడర్ ఆ మాట నమ్మి ఇంగ్లిష్ గొంతు ఎత్తుకుంటుంది. ఆ గొంతుకు తెలుగు రాదు, వాక్యాలకు వాక్యాలు వదిలేస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏకి తెలుగు గొంతు ఉంది. భాష సరిగ్గా చెబితే దానంతట అదే మారుతుంది. మార్చాల్సింది ఒక్క సెట్టింగ్.

చట్టం నెమ్మదిగా వచ్చింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2007లో ఆమోదించింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లో, కొత్త వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాయి. 2017 నియమాల్లో ఆ మార్గదర్శకాలను పేర్కొన్నారు గానీ అవి సలహాల స్థాయిలోనే ఉండిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది సరిగ్గా దీన్నే. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నియమం సలహాగా మార్చకూడదంటూ 15(1) నియమాన్ని కొట్టేసింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడి వల్ల కెమెరా ముందు కళ్లు ఆర్పలేక బ్యాంకు కేవైసీ (ఖాతాదారు గుర్తింపు నిర్ధారణ) పూర్తిచేయలేకపోయిన మహిళ ఒకరు, అంధుడైన మరొకరు వేసిన కేసులవి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది.

ఇప్పుడు మొదట చెప్పిన పీడీఎఫ్ సంగతి. స్కాన్లను కంప్యూటరే చదివేస్తోంది కదా, ఇంకేం సమస్య అని కొందరు అంటున్నారు. నిజమే, తెలుగు అచ్చును గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ బాగా మెరుగైంది. కానీ ఉత్తర్వులో జనానికి కావలసింది సర్వే నంబరు, చివరి తేదీ, పేరు, ఇంటిపేరు. మసకబారిన స్కాన్‌లో 3 కాస్తా 8 అయితే నష్టపోయేది దాన్ని విని దరఖాస్తు పెట్టుకున్న మనిషే.

నిజానికి ఆ ఉత్తర్వు మొదట కంప్యూటర్‌లోనే టైప్ అవుతుంది. దాన్ని ప్రింటు తీసి, సంతకం చేసి, ముద్ర వేసి, మళ్లీ స్కాన్ చేసి పైకి ఎక్కిస్తారు. డిజిటల్ సంతకానికి మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టంతోనే గుర్తింపు వచ్చింది. సంతకం కాగితం మీదే ఉండాలనుకున్నా, స్కాన్ పక్కనే టైప్ చేసిన యూనికోడ్ పాఠాన్ని పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి శాఖ రేపటి ఉత్తర్వు నుంచే అది మొదలుపెట్టవచ్చు.