హైదరాబాద్ మందుల పరిశ్రమను పెంచింది ఒక చట్టం

హైదరాబాద్ చుట్టుపక్కల ఇన్ని మందుల కంపెనీలు ఎలా వచ్చాయంటే చాలామంది మనవాళ్ల తెలివి, కష్టం అంటారు. నిజమే. కానీ తెలివైన కెమిస్టులు మనకు 1950ల్లోనూ ఉన్నారు, అయినా అప్పుడు మందులు ఎక్కువగా విదేశీ కంపెనీలవే, ధరలు మండిపోయేవి. ఆ రోజుల్లో అమెరికా సెనేట్‌లో కెఫావర్ కమిటీ మందుల ధరల మీద విచారణ జరిపి, ప్రపంచంలో మందులు బాగా ప్రియంగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటని తేల్చింది. అంత పేద దేశంలో!

దానికి పెద్ద కారణం 1911 నాటి బ్రిటిష్ పేటెంటు చట్టం. ఆ చట్టం కింద మందు అణువు మీదే, అంటే మందు పదార్థం మీదే, పేటెంటు అనే ప్రత్యేక హక్కు తీసుకోవచ్చు. అంటే మీరు ఎంత కొత్త పద్ధతిలో తయారుచేసినా సరే, అణువు వాళ్లది కాబట్టి అమ్మడానికి వీల్లేదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఈ వ్యవహారమంతా తవ్వి 1959లో నివేదిక ఇచ్చారు, దాని ఆధారంగా 1970లో కొత్త పేటెంటు చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందుల విషయంలో ఇక అణువు మీద పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అదీ ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్లు, లేదా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఏడేళ్లు, ఏది ముందైతే అది.

ఈ ఒక్క మార్పుతో ఏం జరిగిందో తెలియాలంటే కెమిస్ట్రీలోకి కాస్త దిగాలి. ఒంటినొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్‌నే తీసుకోండి. దాన్ని కనిపెట్టిన బూట్స్ కంపెనీ ఐసోబ్యూటైల్ బెంజీన్ అనే ద్రవంతో మొదలుపెట్టి ఆరు స్టెప్పుల్లో తయారుచేసేది. వాడిన రసాయనాల్లోని పరమాణువులను బరువు ప్రకారం లెక్కేస్తే దాదాపు 40 శాతమే మందులో మిగులుతాయి, మిగతాదంతా వ్యర్థం. తర్వాత ఇంకో కంపెనీ అదే ద్రవంతో మొదలుపెట్టి, వేరే ఉత్ప్రేరకాలతో మూడే స్టెప్పుల్లో అదే మందు తీసింది, ఈసారి 77 శాతం దాకా మందులోకే వెళ్లాయి. కెమిస్టులు దీన్నే రూట్ మార్చడం అంటారు. ఒక స్టెప్పు తగ్గితే ఒక రియాక్టర్, కరిగించే ద్రవం (సాల్వెంట్) ఒకటి, ఒక రోజు ఆదా. ఈల్డ్, అంటే చివరికి చేతికొచ్చే మందు, నాలుగు శాతం పెరిగితే కంపెనీ బతుకుతుంది. 1970 చట్టం ఈ నైపుణ్యానికి మార్కెట్ విలువ ఇచ్చింది. అంతకుముందు మన దగ్గర ఎవరైనా ఇలాంటి రూట్ కనిపెట్టినా అది ల్యాబ్ నోట్‌బుక్‌లోనే ఉండిపోయేది.

అయితే చట్టం ఒక్కటే ఇదంతా చేసిందంటే నేను ఒప్పుకోను. చట్టం దేశమంతటికీ వచ్చింది, హైదరాబాద్‌కు మాత్రం ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి తార్నాకలోని ప్రభుత్వ కెమిస్ట్రీ పరిశోధన సంస్థ రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ, ఇప్పటి ఐఐసీటీ. రెండోది 1961లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్‌లో పెట్టిన దాని సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు. గ్రాముల్లో చేసినదాన్ని టన్నుల్లోకి ఎలా తీసుకెళ్లాలో మనవాళ్లు నేర్చుకున్నది అక్కడే. తాడేపల్లి నుంచి వచ్చిన అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికొచ్చాకే సొంత యూనిట్లు మొదలుపెట్టారు, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అలా బయటికొచ్చినవాళ్లు ఇంకా చాలామంది. ఐడీపీఎల్ తర్వాత నష్టాల్లో కూరుకుపోయింది, కానీ అది తయారుచేసిన మనుషులను లెక్కలో వేయకుండా దాన్ని విఫలమైందనడం అన్యాయం.

ఐఐసీటీలో ఎ.వి. రామారావు గారి బృందం హెచ్‌ఐవీ మందు ఏజడ్‌టీకి చవక పద్ధతి తయారుచేసి మందుల కంపెనీ సిప్లాకు ఇచ్చింది. 2001లో అదే సిప్లా మూడు హెచ్‌ఐవీ మందుల కోర్సును మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని, పలు దేశాల్లో ఉచిత వైద్యం చేసే ఎంఎస్‌ఎఫ్ సంస్థకు చెప్పింది. అప్పటికి పెద్ద కంపెనీల ధర 10 వేల డాలర్ల పైమాటే. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలవడంలో ఈ చట్టానికీ, ఈ ఊరి కెమిస్ట్రీకీ వాటా ఉంది. తలచుకుంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

విధానం పట్టించుకోనిచోట మాత్రం గట్టి దెబ్బే తగిలింది. పటాన్‌చెరు, బొల్లారం నీళ్లు అందుకు సాక్ష్యం. అక్కడి కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఉత్పత్తి పెంచమన్న ప్రభుత్వం వ్యర్థాల మీద అంతే పట్టుదల చూపించి ఉంటే ఆ ఊళ్ల చెరువులు అలా అయ్యేవి కావు.

రెండో దెబ్బ తగిలింది పెన్సిలిన్‌లో. ఇది రియాక్టర్‌లో రూట్ మార్చి చేసే సరుకు కాదు. పెద్ద ట్యాంకుల్లో బూజును పెంచి తీయాలి, రాత్రీపగలూ శుద్ధమైన గాలి, కరెంటు అందాలి, బూజు జాతిని ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ పోవాలి. 1990ల్లో దిగుమతులకు తలుపులు తెరిచాక చైనా చవక సరుకు ముందు మన ప్లాంట్లు నిలవలేక మూతపడ్డాయి. అమోక్సిసిలిన్ లాంటి మాత్రలు ఇక్కడే చేస్తున్నా వాటి మూల పదార్థం అక్కడి నుంచే తెచ్చుకోవాల్సి వచ్చింది.

అణువు మీద పేటెంట్లు ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005లో మళ్లీ వచ్చాయి. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త హక్కు అడగకుండా సెక్షన్ 3(డి) పెట్టారు కాబట్టి కొంత నయం, 2013లో గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

ఇక 2020లో కేంద్రం కీలక ముడి మందులకు 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. దాని కింద మందుల కంపెనీ అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర, అమోక్సిసిలిన్ లాంటి వాటికి మూల పదార్థమైన పెన్సిలిన్-జి ఏడాదికి 15 వేల టన్నులు తీసే ప్లాంటు పెట్టింది. ఇలా బూజు లాంటి వాటిని పెంచి తీసే ఫెర్మెంటేషన్ సరుకుకు అమ్మకాల మీద నాలుగేళ్లు 20 శాతం, ఐదో ఏడు 15, ఆరో ఏడు 5 శాతం ఇస్తారు. ఆ తర్వాత చైనా ధరకు తట్టుకోవాలంటే సొంత బూజు జాతులు, వాటిని నడిపే అనుభవమున్న మనుషులు కావాలి. పథకం డబ్బు అమ్మిన టన్నులకే వస్తుంది. ఒకప్పుడు తార్నాక ల్యాబు, బాలానగర్ ప్లాంటు చేసిన పని కాకినాడలో ఎవరు చేస్తారో ప్రభుత్వం ఈ ఆరేళ్లలోపే తేల్చాలి.