పాస్టర్ పేరు ముందు "డాక్టర్": ఈ చదువు ఎక్కడ మొదలైంది, మన దాకా ఎలా వచ్చింది

కన్వెన్షన్ల (క్రైస్తవుల పెద్ద సభల) సీజన్ వచ్చిందంటే ఒంగోలు నుంచి వరంగల్ దాకా ఏ ఫ్లెక్సీ చూసినా రెవరెండ్ డాక్టర్ అన్న పేర్లే. వాళ్ళలో ఏళ్ళ తరబడి లైబ్రరీల్లో కూర్చొని గ్రీకు, హీబ్రూ నేర్చుకొని థీసిస్ రాసినవాళ్ళు ఉన్నారు, సంఘం (చర్చి) చూసుకుంటూనే డీమిన్ (డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ) పూర్తి చేసినవాళ్ళు ఉన్నారు, డబ్బు కట్టి ఒక సాయంత్రం గౌను వేసుకొని ఫోటో దిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. కింద కూర్చున్న విశ్వాసికి ఈ ముగ్గురూ ఒకటే. దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నది కష్టపడి చదివినవాళ్ళే. ఇప్పుడు థియాలజీలో (దైవశాస్త్రంలో) డాక్టరేట్ చేద్దామనుకునే తమ్ముళ్ళు చెల్లెళ్ళు అడిగే మొదటి ప్రశ్న కూడా "దీనికి గుర్తింపు ఉందా అన్నా" అనే. దానికి అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేం, చెప్పాలంటే కలకత్తా పక్కన శ్రీరాంపూర్ (ఇంగ్లీషువాళ్ళ నోట సెరంపూర్) దాకా వెళ్ళాలి.

1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అక్కడ సెరంపూర్ కాలేజీ పెట్టారు. ఆ ఊరు అప్పుడు ఇంగ్లీషువాళ్ళది కాదు, డెన్మార్క్ వాళ్ళది. ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే పడేది కాదు కాబట్టి వీళ్ళు డేనిష్ జెండా కింద తలదాచుకున్నారు. ఆ కారణంగానే 1827 ఫిబ్రవరి 23న డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఈ కాలేజీకి రాయల్ చార్టర్ (హక్కులిచ్చే రాజపత్రం) ఇచ్చాడు, డిగ్రీలిచ్చే అధికారంతో సహా. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టింది 1857లో, అంటే వాటికంటే 30 ఏళ్ళ ముందే మన దేశంలో ఒక కాలేజీకి డిగ్రీ ఇచ్చే హక్కు వచ్చేసింది. 1845లో డేనిష్ వాళ్ళు ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసినా ఆ చార్టర్ హక్కులు మాత్రం పోకుండా ఒప్పందంలో రాసుకున్నారు.

కేరీ చెప్పులు కుట్టే పని నేర్చుకున్న మనిషి, కాలేజీ గడప తొక్కలేదు. 1807లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ ఆయనకి డాక్టర్ ఆఫ్ డివినిటీ గౌరవంగా ఇచ్చింది. అప్పటికే ఆయన బెంగాలీలో కొత్త నిబంధన తెచ్చేశాడు, తర్వాత 1814లో తెలుగు వ్యాకరణం కూడా ఆయన పేరు మీదే అచ్చయింది, 1818లో తెలుగు కొత్త నిబంధన ఆ సెరంపూర్ ప్రెస్సులోనే వచ్చింది. అందుకే గౌరవ డాక్టరేట్ అంటేనే మోసం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారిదీ అదే సంగతి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా ఆఖరి పరీక్ష రాయలేకపోయారు, చేతిలో డిగ్రీ లేదు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి శాఖలో) మొదటి భారతీయ బిషప్ అయ్యారు, 1920లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ముందు పని, తర్వాత గౌరవం. ఆ వరస తిరగబడినప్పుడే తంటా.

సరే, చార్టర్ అయితే వచ్చింది గానీ దాన్ని వాడింది చాలా ఆలస్యంగా. 1915లో గానీ మొదటి బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) డిగ్రీలు బయటికి రాలేదు, అంటే 88 ఏళ్ళు. ప్రిన్సిపాల్ జార్జ్ హొవెల్స్ పట్టుబట్టి థియాలజీ విభాగాన్ని మళ్ళీ నిలబెట్టాక జరిగిన పని అది. తర్వాత 1918లో బెంగాల్ కౌన్సిల్ సెరంపూర్ కాలేజీ యాక్ట్ చేసింది, దాంతో సెనేట్ వచ్చింది, వేరే వేరే సంఘాల సెమినరీలు (పాస్టర్లని తయారుచేసే కాలేజీలు) ఆ సెనేట్ కింద అఫిలియేట్ అయ్యి ఒకే సిలబస్, ఒకే పరీక్ష అనే పద్ధతి మొదలైంది. ఈ రోజు బెంగళూరు యూటీసీ (యునైటెడ్ థియలాజికల్ కాలేజీ) అయినా చెన్నై గురుకుల్ సెమినరీ అయినా మన హైదరాబాద్ ఏసీటీసీ (ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ) అయినా డిగ్రీ పట్టా మీద ఉండేది ఆ సెనేట్ పేరే, డీటీహెచ్ (డాక్టర్ ఆఫ్ థియాలజీ) అనే డాక్టరేట్ కూడా అదే ఇస్తుంది.

గుర్తింపు గొడవకి మూలం ఇక్కడే ఉంది. ఇంగ్లీషు ప్రభుత్వం పెట్టిన యూనివర్సిటీలు ఏ మతాన్నీ బోధించకూడదనే లెక్కలో నడిచాయి, కాబట్టి థియాలజీ వాటి బయటే ఉండిపోయింది. జర్మనీలోనో ఇంగ్లండులోనో థియాలజీ ఫ్యాకల్టీ యూనివర్సిటీ మధ్యలోనే ఉంటుంది, ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1512లో జర్మనీ విట్టెన్‌బర్గ్‌లో డాక్టరేట్ తీసుకున్నదీ అలాంటి చోటే. మనకి అలా కాదు. స్వాతంత్ర్యం తర్వాత 1956లో యూజీసీ చట్టం వచ్చింది, డిగ్రీలు ఇవ్వాలంటే కేంద్ర చట్టమో రాష్ట్ర చట్టమో పెట్టిన యూనివర్సిటీ అయినా ఉండాలి లేదా డీమ్డ్ యూనివర్సిటీ అయినా, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ అయినా ఉండాలి అని 22వ సెక్షన్ చెప్తుంది. సెరంపూర్‌కి సొంత చార్టర్, సొంత చట్టం ఉన్నాయి. మిగతా సెమినరీల్లో చాలావరకు 1970లో మొదలైన ఏషియా థియలాజికల్ అసోసియేషన్ అక్రెడిటేషన్ మీద నడుస్తాయి, అది చదువు నాణ్యతకి సెమినరీలు సెమినరీలు కలిసి ఇచ్చుకునే హామీ, ప్రభుత్వ గుర్తింపు కాదు. పాస్టరు పనికి, సెమినరీలో పాఠం చెప్పడానికి ఇవి చాలు, ప్రభుత్వ కాలేజీ ఉద్యోగం మనసులో ఉంటే మాత్రం మైసూరు యూనివర్సిటీ క్రిస్టియానిటీ డిపార్ట్‌మెంటు, మద్రాసు యూనివర్సిటీ క్రిస్టియన్ స్టడీస్ డిపార్ట్‌మెంటు లాంటి చోట పీహెచ్‌డీ వైపు చూడాలి. ఇది చేరకముందు చెప్పేవాళ్ళు తక్కువ, చేరిన మూడేళ్ళకి తెలిసి ఏడ్చేవాళ్ళు ఎక్కువ.

ఇక మన తెలుగు నేల సంగతి. ఇక్కడ సంఘం పెరిగింది చదువుకున్న ఇళ్ళ నుంచి కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని జనానికి కూలి దొరికేలా చేశాడు, 1878 జూలై 3న ఒక్క రోజే వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్ళు, తరతరాలుగా పలక ముట్టనివ్వని మనుషులు. అంతమందికి అక్షరాలు నేర్పి వాక్యం చెప్పేవాళ్ళు వెంటనే కావాలి, అందుకే 1870ల్లోనే మొదలైన రామాపట్నం సెమినరీ తెలుగులో ఊరి బోధకుల్ని తయారు చేసింది. రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు, డోర్నకల్‌లో ఆంగ్లికన్లు కూడా ఇదే దారిలో నడిచారు. ఆ బోధకులు లేకపోతే ఇవాళ పల్లెల్లో సంఘాలే లేవు, ఆ మాట గట్టిగా చెప్పాలి. కానీ ఆ ఏర్పాటు ఒక గీత కూడా గీసేసింది: ఆలోచించేది, పుస్తకం రాసేది, డాక్టర్ అనిపించుకునేది దొర, ఎండలో నడిచి చెప్పేది మనవాడు. ఆ గీత చెరగడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. మనవాళ్ళకి డాక్టర్ అనే మాట మీద ఇంత ఆశ ఎందుకని వెటకారం చేసేవాళ్ళు ముందు ఈ చరిత్ర చదవాలి.

1958లో మార్పు మొదలైంది. ఆ ఏడాది థియలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్ పెట్టారు, అమెరికా కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ 20 లక్షల డాలర్లు ఇస్తే అమెరికా మిషన్ బోర్డులు ఇంకో 20 లక్షలు కలిపాయి, ఆ డబ్బుతో ఆసియా, ఆఫ్రికా సెమినరీలకి లైబ్రరీలు, బిల్డింగులు, టీచర్లకి పైచదువుల స్కాలర్‌షిప్పులు వచ్చాయి. చిన్న చిన్న సెమినరీలు కలిసి ఒకటి కావాలనే ఊపు కూడా అప్పటిదే, అలా 1964లో బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు అందరూ కలిసి రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ పెట్టుకున్నారు, తర్వాత అది హైదరాబాద్ లోయర్ ట్యాంక్ బండ్‌కి మారింది. 1980ల్లో అర్వింద్ నిర్మల్ లాంటి పండితులు దళిత థియాలజీని (దళితుల అనుభవం నుంచి దైవశాస్త్రాన్ని ఆలోచించే పద్ధతిని) క్లాసురూంలోకి తెచ్చాక మన పిల్లల సొంత పల్లె, సొంత పేట రీసెర్చ్ టాపిక్ అయ్యింది, ఇది నా దృష్టిలో చార్టర్ కంటే తక్కువ సంగతి కాదు.

డీమిన్ కథ వేరే. అది 1960ల్లో, 70ల్లో అమెరికాలో పుట్టింది, సెమినరీ అయిపోయి కొన్నేళ్ళు సంఘంలో పని చేసిన పాస్టరు తన పరిచర్యనే పరిశీలించి ప్రాజెక్టు రాయడం దీని పద్ధతి. పీహెచ్‌డీ, డీటీహెచ్ కొత్త జ్ఞానం కోసం, డీమిన్ చేస్తున్న పని మెరుగుపడటం కోసం, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అని కాదు. పాఠం చెప్పాలనుకునేవాళ్ళు డీమిన్‌లో చేరి, సంఘం నడపాలనుకునేవాళ్ళు పీహెచ్‌డీలో చేరి ఇద్దరూ ఇబ్బంది పడుతున్నారు.

ప్రభుత్వం పట్టించుకోని ఖాళీ, ఎన్నో రకాల అక్రెడిటేషన్లు, జనంలో ఆ బిరుదు మీద గౌరవం, ఈ మూడూ కలిసిన చోటే పట్టాల దుకాణాలు వెలిశాయి. అడ్మిషన్‌కి బీడీ అడగరు, గైడ్ ఎవరో చెప్పరు, భాషలు అక్కర్లేదంటారు, ఫీజు మాత్రం ముందే అడుగుతారు. నిజమైన దారిలో బీడీకే నాలుగైదేళ్ళు, ఎంటీహెచ్‌కి (మాస్టర్ ఆఫ్ థియాలజీకి) రెండేళ్ళు, ఆపైన డాక్టరేట్, మధ్యలో సంఘంలో పని, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు. చాలామంది ప్రతిభ ఉండి కూడా ఆగిపోయేది ఇక్కడే. ఆడపిల్లలకైతే చదువు పూర్తయ్యాక కూడా చాలా సంఘాల్లో పుల్పిట్ (ప్రసంగ వేదిక) దొరకదు, 2013లో నంద్యాల డయాసిస్‌కి (బిషప్ కింద ఉండే ప్రాంతానికి) పుష్పలలిత గారు సీఎస్‌ఐ మొదటి మహిళా బిషప్ అయ్యాక కూడా పరిస్థితి నెమ్మదిగానే కదులుతోంది. సంఘాలు కన్వెన్షన్ స్టేజీకి, సౌండ్‌కి పెట్టే ఖర్చులో కొంత ఒక్క స్కాలర్‌కి పెట్టినా ఎంతో తేడా వస్తుంది.

ఎందుకంటే చెయ్యాల్సిన పని బోలెడుంది. పాత తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారి కీర్తనల్లో ఉన్న దైవశాస్త్రం, ఇంటింటికీ నడిచి వాక్యం చెప్పిన మన ఊళ్ళ "బైబిల్ స్త్రీల" చరిత్ర, రామాపట్నంలో చదివి పేరు లేకుండా పోయిన బోధకుల జీవితాలు. కాగితాలు కొన్ని బెంగళూరు యూటీసీ ఆర్కైవ్స్‌లో, కొన్ని అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి, కొన్ని మన పాత మిషన్ కాంపౌండ్ల బీరువాల్లో చెదలు పట్టి పోతున్నాయి. వాటిని చదవాలంటే ఇంగ్లీషు, పాత గ్రాంథిక తెలుగు రెండూ రావాలి, పైగా ఆ ఊళ్ళలోని పెద్దవాళ్ళతో కూర్చొని మాట్లాడగలగాలి, ఇవన్నీ ఉన్న పిల్లలు మన సెమినరీల్లోనే ఉన్నారు.