సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లలో స్పెల్లింగ్ దిద్దడం: అపోహలు - వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లలో అక్షరదోషాలు దిద్దడం నా వృత్తి. ఉండేది కడపలో. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యార్థుల్లో కొందరు ఓపెన్ సోర్స్‌లోకి, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల ప్రాజెక్టుల్లోకి, ఈ పనితోనే అడుగుపెడుతున్నారు. సంతోషమే. కానీ ఈ పనిని తేలిగ్గా తీసుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

అపోహ: తప్పు కనిపిస్తే దిద్దేయడమే.

వాస్తవం: తప్పు వాక్యంలో ఉందా, పేరులో ఉందా అన్నది ముందు చూడాలి. వాక్యంలో ఉంటే దిద్దండి. కమాండ్, ఫంక్షన్, ఫైలు పేర్లలో ఉంటే ముట్టుకోకండి. మనం ఏ పేజీ నుంచి వచ్చామో సర్వర్‌కు చెప్పే 'రిఫరర్' హెడర్‌ను (బ్రౌజర్ తన అభ్యర్థనతో పాటు పంపే చిన్న సమాచారం) చూడండి. 1996 నాటి ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1945లో అది మధ్యలో ఒక 'ఆర్' తగ్గిన స్పెల్లింగ్‌తోనే చేరింది. బ్రౌజర్లు నేటికీ అలాగే పంపుతున్నాయి. తర్వాత వచ్చిన 'రిఫరర్-పాలసీ' హెడర్‌లో మాత్రం స్పెల్లింగ్ సరిగ్గా ఉంది. రెండూ ఒకే పేజీలో వచ్చినా దేని స్పెల్లింగ్ దానిదే. మొదటిదాన్ని 'సరిచేస్తే', మన ఉదాహరణను నమ్మి కాపీ చేసుకున్న మనిషి ప్రోగ్రాం పనిచేయదు.

కడపవాళ్లకు ఇది తెలిసిన విషయమే. 2005లో ఊరి ఇంగ్లిష్ స్పెల్లింగ్ 'సీ' నుంచి 'కే'కు మారింది. భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్‌కు మాత్రం పాత స్పెల్లింగే నిలిచింది. పరిశోధన పత్రాలు వెతికే సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లో దాన్ని మార్చేస్తే, చదివినవాళ్లకు ఆ పాత పత్రాలు దొరకవు.

అపోహ: స్పెల్ చెకర్ అన్నీ పట్టేస్తుంది.

వాస్తవం: 'ఫ్రమ్' ఉండాల్సిన చోట 'ఫామ్' పడితే చాలా చెకర్లు మాట్లాడవు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే మరి. కోడ్‌స్పెల్ అనే పరికరం తరచుగా జరిగే తప్పుల జాబితాతో పోల్చి చూస్తుంది. అందుకే సాంకేతిక పదాలపై అనవసరంగా గోల చేయదు. జాబితాలో లేని తప్పు మాత్రం దాన్ని దాటిపోతుంది.

అపోహ: ఇంగ్లిష్‌లో దిద్దితే తెలుగు అనువాదానికి ఏమీ కాదు.

వాస్తవం: అవుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. సాఫ్ట్‌వేర్ అనువాదానికి వాడే గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఇంగ్లిష్ వాక్యమే అనువాదానికి తాళంచెవి. అందులో ఒక్క అక్షరం మారినా, అనువాదాలుండే పీవో ఫైళ్లను తాజా చేసినప్పుడు ప్రతి భాషలోనూ ఆ అనువాదం మీద 'ఫజ్జీ', అంటే మళ్లీ సరిచూడాలన్న ముద్ర పడుతుంది. మామూలుగా ఫజ్జీ అనువాదాలు తెరమీదికి రావు. నిన్నటిదాకా తెలుగులో కనిపించిన సూచన కొత్త వెర్షన్‌లో ఇంగ్లిష్‌లో దర్శనమిస్తుంది. అర్థం మారని దిద్దుబాటు అయితే అన్ని పీవో ఫైళ్లలోని మూలవాక్యాన్నీ ఆ ప్యాచ్‌లోనే (ప్రాజెక్టుకు పంపే మార్పుల మూటలోనే) మార్చండి. కుదరకపోతే అనువాదకులకు ముందే చెప్పండి.

శీర్షికలు దిద్దేటప్పుడూ జాగ్రత్త అవసరం. చాలా చోట్ల లింకు చిరునామా శీర్షిక నుంచే తయారవుతుంది కాబట్టి, శీర్షిక మారితే పాత లింకు తెగిపోవచ్చు.

అపోహ: తెలుగులో పలికినట్టే రాస్తాం, స్పెల్లింగ్ సమస్యే లేదు.

వాస్తవం: ఫైల్, ఫైలు రెండూ ఒప్పే. ఒకే మాన్యువల్‌లో రెండూ కలిస్తే మాత్రం వెతికేవాళ్లకు సగమే దొరుకుతుంది. 'సాఫ్ట్‌వేర్'లో ట, వ ఒత్తుగా కలిసిపోకుండా ఆపే అక్షరం ఒకటుంది. అది కంటికి కనిపించదు. ఒకచోట అది ఉండి మరోచోట లేకపోతే చాలా సెర్చ్‌లకు అవి రెండు వేర్వేరు మాటలు.

అపోహ: ఎన్ని ప్యాచ్‌లు పంపితే అంత పేరు.

వాస్తవం: ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపమని ప్రోత్సహించే అక్టోబరు కార్యక్రమం హాక్టోబర్‌ఫెస్ట్. 2020లో అది ఇచ్చే టీషర్టు కోసం అర్థంలేని మార్పులు వెల్లువెత్తాయి. నిర్వాహకులు చివరికి, తామై ముందుకొచ్చిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. ఒకే రకం తప్పులన్నీ ఒక ప్యాచ్‌లో పెట్టండి, కోడ్ మార్పులతో కలపకండి, ఏ పదాన్ని ఎందుకు వదిలేశారో కూడా రాయండి. పరిశీలించేవాళ్లు ముందు వెతికేది ఆ చివరి వివరాన్నే.