డిప్రెషన్ మందు ‘పడలేదు’ అనుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం... ఈ డెల్టాలో ఏ సైకియాట్రీ ఓపీలో కూర్చున్నా రోజూ చెవిన పడే మాట ఒకటుంది: “నెల నుంచి వాడుతున్నానండీ, ఏం తేడా లేదు.” అది నిజమే కావచ్చు. కానీ పాత చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు ముందు పెట్టుకుని లెక్క చూస్తే, చాలామందిలో ఆ మందుకు తగిన డోసైనా దక్కి ఉండదు, తగినన్ని వారాలైనా దక్కి ఉండవు. అన్నీ సరిగ్గా వాడినా పనిచేయని సందర్భాలూ ఉన్నాయి, అవేం తక్కువ కాదు. మీది ఈ రెండింటిలో ఏదో తేలాకే తర్వాతి అడుగు.

అపోహ: పది రోజులు వాడాను, ఒంటికి పడలేదు, మానేశాను.

వాస్తవం: ఈ మందుల్లో ఇబ్బంది ముందొస్తుంది, మేలు వెనకొస్తుంది. మొదటి వారంలో వికారం, విరేచనాలు, తలనొప్పి, చెమటలు, నిద్ర చెదరడం మామూలే. మన వైపు దీన్ని ‘వేడి చేసింది’ అనేసి, బిళ్ల ఆపి మజ్జిగ తాగుతారు. మజ్జిగ తాగండి, బిళ్ల మాత్రం ఆపకండి. చాలామందిలో ఇవి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవాలి. నిద్ర పట్టకపోతే పొద్దున్నకి, మత్తుగా ఉంటే రాత్రికి మార్చమని డాక్టరుగారిని అడగండి.

మేలు ఒక్కరోజులో రాదు. తరచు ముందు నిద్ర, ఆకలి కుదురుకుంటాయి, తర్వాత ఒంట్లో ఓపిక వస్తుంది, దిగులు తగ్గడం, పనిమీద మనసు పోవడం ఆఖరున. అందుకే మార్పు రోగి కంటే ముందు ఇంట్లోవాళ్ళకి కనిపిస్తుంటుంది. అలాగని నెలల తరబడి ఎదురుచూడమని కాదు. రెండు వారాలకి రవ్వంత మార్పు కూడా లేకపోతే అది గమనించాల్సిన విషయం. సరైన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలైనా ఏమీ లేదంటే, అదే చీటీని మళ్ళీ మళ్ళీ రాయించుకోవడంలో అర్థం లేదు.

అపోహ: ఆరు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను కాబట్టి మందు ఫెయిలైనట్టే.

వాస్తవం: స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఎక్కువ తేడా వచ్చేది అక్కడే.

మందుల షాపుల్లో బాగా నడిచే రకం ఒకటుంది: ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు, క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు కలిపిన బిళ్ల. ఇందులో వేసిన రోజే నిద్రపట్టించి గుండెదడ తగ్గించేది క్లోనజెపామ్. అది డిప్రెషన్ మందు కాదు, పైగా అలవాటు చేస్తుంది. డిప్రెషన్‌కి పనిచేసే ఎస్సిటాలోప్రామ్ ఆ బిళ్లలో ఉన్నది మొదలుపెట్టే మోతాదు మాత్రమే. మొదటి వారం “అమ్మయ్య” అనిపించి, రెండో నెలకి “మందు పనితనం పోయింది” అనిపించడానికి కారణం ఇదే. ఇది చదివి ఆ బిళ్లని ఉన్నపళంగా ఆపెయ్యకండి. నెలలపాటు వాడిన క్లోనజెపామ్‌ని ఒక్కసారి మానేస్తే నిద్ర పూర్తిగా పోవచ్చు, చేతులు వణకొచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి.

రెండోది అమిట్రిప్టిలిన్. ‘నరాల బలహీనత’ అని ఊళ్ళో ఆర్‌ఎంపీగారు రాసే 10 లేదా 25 మిల్లీగ్రాముల బిళ్ల తలనొప్పికి, ఒళ్ళు నొప్పులకి, నిద్రకి ఉపయోగపడుతుంది. డిప్రెషన్‌కి మామూలుగా కావాల్సింది 75 నుంచి 150. గుండె జబ్బున్నవాళ్ళకి అంత డోసు ప్రమాదం కాబట్టి ఈసీజీ చూడకుండా పెంచరు. ఇక వారానికో బలం సూది, గ్లూకోజు బాటిలు డిప్రెషన్‌ని తగ్గించవు, జేబుని తగ్గిస్తాయి.

పెద్దవాళ్ళలో మిగతా వాటి వాడుక ఇలా ఉంటుంది: ఎస్సిటాలోప్రామ్ 10 నుంచి 20 మిల్లీగ్రాములు (65 ఏళ్ళు దాటితే సాధారణంగా 10), సెర్ట్రలిన్ 50 నుంచి 200, ఫ్లూఓక్సెటిన్ 20 నుంచి 60, వెన్లాఫాక్సిన్ 75 నుంచి 225, మిర్టాజపిన్ 15 నుంచి 45. మీది కింది మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంటే “ఇంకా పెంచొచ్చాండీ?” అని అడగండి. ఇంట్లో మీరే రెండు బిళ్లలు కలిపి వేసుకోకండి.

అపోహ: రెండు రోజులు మానేస్తే తల తిరిగింది, ఒంట్లో కరెంటు కొట్టినట్టయింది. అంటే దీనికి బానిసనైపోయాను.

వాస్తవం: శరీరం అలవాటుపడిన మందు హఠాత్తుగా ఆగితే వచ్చే లక్షణాలవి. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఎక్కువ, ఒంట్లో చాలా రోజులు నిలిచే ఫ్లూఓక్సెటిన్‌తో తక్కువ. మద్యం, క్లోనజెపామ్‌ల మీద పుట్టే యావ ఇందులో ఉండదు. వారంలో రెండు మూడు పూటలు తప్పిపోయే మందుని ‘పనిచేయనిది’ అని కూడా అనలేం. సార్వా నాట్ల రోజుల్లో, పెళ్ళిళ్ళప్పుడు, కార్తీక మాసం ఉపవాసాల్లో ఎక్కువగా తప్పుతుంటాయి. ఉపవాసం రోజైనా నీళ్ళతో బిళ్ల వేసుకోవచ్చు. లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు గోదావరికి వరద నీరు రాకముందే, జూలైలోనే, కనీసం మూడు వారాల మందు తెచ్చి తడవని డబ్బాలో పెట్టుకోవాలి. రేవు దాటలేని వారంలోనే స్ట్రిప్ అయిపోతుంది మరి.

అపోహ: మందు మంచిదే, నా ఒళ్ళే మొండిది.

వాస్తవం: ఒంటిని తిట్టుకునే ముందు, ఆ దిగులు వెనక ఇంకేదైనా ఉందేమో వెతకాలి.

థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా నీరసం, మతిమరుపు, దిగులు వస్తాయి. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12, షుగరు పరీక్షలు ఒక్కసారైనా అయ్యాయా? గట్టిగా గురకపెట్టి, పగలంతా కునికిపాట్లు పడేవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండొచ్చు. దాన్ని వదిలేసి డిప్రెషన్ బిళ్ల పెంచితే ఫలితం ఉండదు.

మద్యం సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. సంక్రాంతికి బరుల దగ్గర మూడు రోజులు తాగడం ఒక ఎత్తు, రోజూ సాయంత్రం చెరువు గట్టు మీద క్వార్టరు ఇంకో ఎత్తు. రోజూ తాగుతూ ఏ బిళ్ల వేసుకున్నా దాని పని సగంలోనే ఆగుతుంది. మద్యం ఎక్కువగా తాగేవాళ్ళు కూడా ఒక్కరోజులో మానకూడదు. వణుకు, ఫిట్స్ రాకుండా ఆసుపత్రి సాయంతో మానాలి.

ఇంకొకటి. గతంలో ఎప్పుడైనా వారం పాటు రెండు మూడు గంటలే నిద్రపోయి, అలుపు లేకుండా, గలగలా మాట్లాడుతూ, అప్పు చేసి మరీ రొయ్యల చెరువులు లీజుకి తీసుకున్న రోజులున్నాయా? అలాంటి చరిత్ర ఉంటే అది బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు. అప్పుడు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే గుణం చూపకపోవచ్చు, లేదా మనిషిని అటు చివరకి తోసేయొచ్చు. ఈ సంగతి రోగి చెప్పడు, అతనికి అవి మంచి రోజులు. ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

పెద్దవయసువాళ్ళ విషయం ప్రత్యేకం. బీపీకి థయజైడ్ అనే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసిన బిళ్ల (పేరు చివర ‘హెచ్’ ఉన్నవాటిలో చాలావరకు అవే) వాడుతూ ఎస్సిటాలోప్రామ్ లాంటిది మొదలుపెడితే, మొదటి నెలలో రక్తంలో సోడియం పడిపోవచ్చు. మామూలుగా అది 135 నుంచి 145 ఉండాలి. మామ్మగారు మగతగా, తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే ‘డిప్రెషన్ ముదిరింది’ అనుకుని డోసు పెంచమంటారు. కావాల్సింది సోడియం పరీక్ష, అదీ ఆ రోజే. ఎండలకి అనుకుని చెంబులకి చెంబులు నీళ్ళు పట్టిస్తే సోడియం ఇంకా పడిపోతుంది.

అపోహ: ఒకటి పనిచేయకపోతే ఇంకేదీ పనిచేయదు.

వాస్తవం: అమెరికాలో సుమారు 4,000 మందితో జరిపి 2006లో ఫలితాలు ప్రకటించిన స్టార్-డి అధ్యయనంలో, మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది మూడోవంతు మందే. అంటే మొదటిది సరిపోకపోవడం వింతేం కాదు. నాలుగు విడతల్లో మందులు మారుస్తూ పోతే మూడింట రెండొంతుల మంది తేరుకుంటారని అప్పట్లో లెక్కగట్టారు. అదే సమాచారాన్ని 2023లో తిరిగి లెక్కించినవాళ్ళు అసలు సంఖ్య అందులో సగానికి దగ్గరగా ఉందన్నారు. ఆశ పెట్టుకోవచ్చు, కానీ విడత విడతకీ అవకాశం తగ్గుతుందని తెలుసుకునే ముందుకెళ్ళాలి.

దారులు చాలానే ఉన్నాయి. డోసు పెంచడం, వేరే రకానికి మారడం, ఉన్నదానికి మిర్టాజపిన్‌నో, తక్కువ డోసు అరిపిప్రజోల్‌నో, లిథియంనో జోడించడం. లిథియం మంచి మందు, కానీ పగ్గం చేతిలో ఉండాలి. ఆఖరి బిళ్ల వేసుకున్న 12 గంటలకి రక్తం తీసి మోతాదు చూస్తారు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి చేస్తారు. మే నెల ఎండలో చేలో పనిచేసి చెమటలు కారినా, విరేచనాలు పట్టుకున్నా, నడుంనొప్పికి డైక్లోఫెనాక్ వేసుకున్నా ఒంట్లో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ బిళ్ల ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పుల బిళ్లల్లో ట్రమడాల్‌ని మాత్రం డిప్రెషన్ మందులు వాడేవాళ్ళెవరూ అడగకుండా వేసుకోవద్దు.

అపోహ: కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పడమే, అది మా బావగారూ చెబుతారు.

వాస్తవం: బావగారి మాటకి విలువ లేదని కాదు. చికిత్సలో చేసేది వేరు. మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చోకుండా, రోజుకి ఒక చిన్న పని టైము పెట్టుకుని చేయించి, చేసే ముందు, చేశాక దిగులుకి పదికి ఎంతో రాయిస్తారు. ఏటిగట్టు మీద పావుగంట నడకతోనైనా మొదలుపెట్టొచ్చు.

అపోహ: కరెంటు పెడతారంటే ఇక మనిషి పనికిరాడు.

వాస్తవం: ఈసీటీ (తలకి కొద్దిపాటి కరెంటు పెట్టే చికిత్స) తీవ్రమైన డిప్రెషన్‌కి ఉన్న బలమైన చికిత్సల్లో ఒకటి. తిండి మానేసినవాళ్ళకి, ప్రాణం మీదకి వచ్చినవాళ్ళకి ముందుగా ఆలోచించేది కూడా. మత్తు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. మామూలుగా వారానికి రెండు మూడు చొప్పున 6 నుంచి 12 సార్లు చేస్తారు. ఆ రోజుల జ్ఞాపకాలు కొన్ని చెదరొచ్చు, ఆ మాట ముందే చెప్పాలి.

అపోహ: చచ్చిపోవాలనిపిస్తోందని డాక్టరుకి చెబితే పోలీసు కేసవుతుంది.

వాస్తవం: అవదు. ప్రయత్నించినవాళ్ళని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ అదే చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. మందు మొదలుపెట్టిన, డోసు మార్చిన తొలివారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ళలోపువాళ్ళలో, ఈ ఆలోచనలు పెరగొచ్చు. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి, మకాంలోంచి తీసేయండి, బిళ్లల పెట్టె ఇంకొకరి దగ్గర ఉంచండి. టెలి-మానస్ 14416కి ఏ వేళైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే ఫోను దగ్గర ఆగకుండా 108కి చెప్పి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అపోహ: ఈ డాక్టరు వల్ల కాలేదు, ఇంకో డాక్టరు దగ్గర కొత్తగా మొదలుపెడదాం.

వాస్తవం: మారండి, తప్పులేదు. పాత చీటీలు ఇంట్లో పెట్టి వెళ్తే మాత్రం పడని మందే ఇంకో కంపెనీ పేరుతో మళ్ళీ మొదలవుతుంది. తీసుకెళ్ళాల్సింది ఒక తెల్లకాగితం: ఏ మందు, ఎంత డోసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని పూటలు తప్పింది, ఎంత తేడా వచ్చింది, ఎందుకు ఆపారు. బీపీ, షుగరు, నొప్పుల బిళ్లలు, ఆయుర్వేదం, హోమియో అన్నిటి కవర్లూ సంచిలో వేసుకెళ్ళండి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఇస్తే వారానికోసారి నింపి, వచ్చిన మార్కు క్యాలెండరులో ఆ తేదీ మీదే రాయండి. మొత్తం 27కి, మొదలైనప్పుడున్నదాంట్లో సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, 5 కంటే తగ్గితే కోలుకున్నట్టు లెక్క. కోలుకున్నాక కూడా మొదటిసారి వచ్చినవాళ్ళకి కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు అదే డోసు నడుస్తుంది.