ఎముకతో పాటు వచ్చిన క్షయ

అమెరికాలో 2021లో ఒకసారి, 2023లో మరోసారి, ఎముక అతికించుకున్న రోగులకు క్షయ సోకింది. రెండుసార్లూ క్రిమి వచ్చిన దారి మరణించిన దాత ఎముకతో చేసిన గుజ్జే. తయారీదారు కూడా ఒకరే, అజియో బయోలాజిక్స్. మొదటిది జరిగిన రెండేళ్లకే రెండోది ఎలా జరగనిచ్చారన్నదే వివాదం.

ఎముకలో పెద్ద ఖాళీ ఏర్పడితే ముందు రోగి తుంటి ఎముక నుంచే తీసుకుంటారు. అది చాలకపోతే, దాతల ఎముకను నిల్వచేసే బోన్ బ్యాంకు. ఇది తెలిసిన సంగతే. నా దృష్టిలో అసలు మలుపు 2005 ప్రాంతంలో వచ్చింది. బ్యాంకు ఎముకను జీవకణాలతో సహా అమ్మడం అప్పుడే మొదలైంది.

అంతవరకు బ్యాంకు ఎముకంటే చాలావరకు మృత ఎముక. మజ్జ కడిగేసి, ఎండబెట్టి, చాలాచోట్ల గామా కిరణాలతో శుద్ధి చేసి ఇచ్చేవారు. శరీరానికి అది పందిరి లాంటిది. రోగి కణాలు తీగల్లా దాని మీదికి పాకి, పాతదాన్ని కొంచెం కొంచెంగా కరిగిస్తూ కొత్త ఎముక కట్టుకుంటాయి. బలం కొంత తగ్గుతుంది, నెలలూ పడుతుంది. క్రిమి భయం మాత్రం చాలావరకు తీరిపోతుంది.

కొత్త సరుకులో జీవకణాలే ఆకర్షణ. అవి ఉంటే ఎముక బాగా అతుక్కుంటుందన్నది తయారీదారుల వాదన. దాత ఎముకను సన్నగా తురిమి, కణాలు చావకుండా రక్షక ద్రవంలో గడ్డకట్టిస్తారు. ఆపరేషన్ గదిలో కరిగించాక తడి ముద్దలా ఉండే ఆ తురుమును సర్జన్ ఖాళీలో కూరతారు. కణాలు బతకాలంటే కిరణాలతో శుద్ధి చేయకూడదు. అందులో క్షయ క్రిమి దాగి ఉంటే అదీ బతికే ఉంటుంది. పైగా ఈ సరుకు దానమిచ్చిన కణజాలం కింద లెక్క కాబట్టి, మందుల్లా ముందస్తు అనుమతి అవసరం లేకుండానే మార్కెట్లోకి వచ్చింది.

2021లో దాత ఒక్కరే. ఆ ఎముక నుంచి 154 సీసాలు 20 రాష్ట్రాలకు వెళ్లాయి. 113 మందికి అమర్చారు. వారిలో 87 మందికి క్షయ ఆనవాళ్లు కనిపించాయి. ఎనిమిది మంది చనిపోగా, మూడు మరణాలకు కారణం క్షయేనని తేల్చారు. దాతలో లక్షణాలున్నా ఎవరూ పట్టించుకోలేదని దర్యాప్తులో బయటపడింది. నడుము నొప్పి తగ్గుతుందని వెళ్లినవాళ్లు నెలల తరబడి క్షయ మందులు మింగాల్సి వచ్చింది.

బ్యాంకు ఎముక ద్వారా క్షయ సోకిన ఉదంతం 1953లోనే బ్రిటన్ వైద్య పత్రికకెక్కింది. ఎవరూ ఊహించని ప్రమాదం అనడానికి వీల్లేదు.

2021 తర్వాత కంపెనీ, ఎముకలో క్షయ క్రిమి జన్యుపదార్థం ఉందేమో చూసే జన్యు పరీక్ష మొదలుపెట్టింది. 2023 నాటి దాత ఎముక ఆ పరీక్షలో నెగటివ్‌గా వచ్చింది. దాన్ని నమ్మి పంపిన సరుకు ఏడు రాష్ట్రాల్లో 36 మందికి చేరింది. ఇద్దరు క్షయతో మరణించారు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష ఇంతకంటే నమ్మదగినది, కాకపోతే ఎనిమిది వారాల దాకా ఆగాలి. గడ్డకట్టిన సీసా అన్నాళ్లూ చెడిపోకుండా ఉంటుంది.

ప్రపంచంలో క్షయ రోగులు అత్యధికంగా ఉన్న మన దేశానికి, శుద్ధి చేసిన ఎముకకూ జీవకణాల ఎముకకూ ఉన్న ఈ తేడా మరీ ముఖ్యం. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో మొదలైన కణజాల బ్యాంకు ఎముకను గామా కిరణాలతో శుద్ధి చేశాకే పంపుతుంది.